శాతం తగ్గిందా, ఊపిరి తగ్గిందా? పొగ తాగే ఒక పాఠకురాలి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 41 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. చాలా కాలంగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. 22వ ఏట సిగరెట్ అలవాటైంది. రోజుకు ఐదారుకు మించి తాగను, అవి కూడా సన్నని మెంథాల్ సిగరెట్లే. రెండేళ్ల క్రితం దగ్గు వదలకపోతే యంత్రంలోకి ఊదించి శ్వాసను కొలిచే స్పైరోమెట్రీ చేశారు. ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో బలంగా వదిలిన గాలి) 2.14 లీటర్లు, అంటే 87 శాతం అన్నారు. ఈ మధ్య మళ్లీ చేస్తే 2.11 లీటర్లు, 82 శాతం అని వచ్చింది. ఎఫ్‌వీసీ (ఒకే ఊపులో మొత్తం వదిలిన గాలి) 2.72 లీటర్లు ఉంది. రెండేళ్లలోనే ఐదు శాతం పోయిందని భయంగా ఉంది. పాత నివేదికలో నా పేరు కింద ‘ఆసియన్’ అని ఉండేది, కొత్తదానిలో ఆ వివరమే లేదు. నాతో పనిచేసే నల్లజాతి స్నేహితురాలు నాకంటే తక్కువే తాగింది, అయినా ఆమెకు అప్పుడే సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. ఆసియా ఆడవాళ్ల ఊపిరితిత్తులు పొగను బాగా తట్టుకుంటాయని ఇంకొకరు ధైర్యం చెప్పారు. ఇది నిజమేనా? ఇప్పుడు మానేస్తే పోయినది తిరిగి వస్తుందా? డాక్టరుతో మాత్రం ‘ఎప్పుడైనా ఒకటి’ అనే చెప్పుకుంటూ వచ్చాను.

సమాధానం: మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్న ఆ ఐదు శాతం సంగతి ముందుగా తేల్చుకుందాం. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే ఈ రెండేళ్లలో మీ ఊపిరితిత్తుల శక్తి ఐదు శాతం తగ్గలేదు. మొదటి సెకనులో మీరు బలంగా బయటికి వదలగలిగిన గాలి 2.14 లీటర్ల నుంచి 2.11 లీటర్లకు మారింది, అంటే తేడా 30 మిల్లీలీటర్లు. ఒకే రోజు, ఒకే యంత్రం మీద, ఒకే మనిషి వరుసగా ఊదిన రెండు ఉత్తమ ప్రయత్నాల మధ్య 150 మిల్లీలీటర్ల దాకా తేడా ఉన్నా ఆ పరీక్షను సరైనదిగానే అంగీకరిస్తారు. పైగా జీవితంలో ఎన్నడూ పొగ తాగనివారిలో కూడా పాతికేళ్ల వయసు దాటాక ఏడాదికి సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున ఈ కొలత సహజంగానే తగ్గుతూ వస్తుంది. కాబట్టి రెండేళ్లలో 30 మిల్లీలీటర్ల తేడా నుంచి మంచిగా గానీ చెడుగా గానీ ఏ నిర్ణయానికీ రాలేము.

మరి శాతం ఎందుకు పడిపోయింది? దానికి జవాబు మీరు గమనించిన ఆ ‘ఆసియన్’ అనే మాటలోనే ఉంది. శాతం అనేది మీ ఊపిరిని సూటిగా కొలిచిన సంఖ్య కాదు. మీ వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఎంత గాలి వదలగలదో కంప్యూటర్ ముందుగా అంచనా వేసి, మీ లీటర్లను ఆ అంచనాతో భాగిస్తే వచ్చేది శాతం. పాత నివేదికలో 2.14 లీటర్లు 87 శాతమైతే, అప్పుడు మీ నుంచి ఆశించినది సుమారు 2.46 లీటర్లు. కొత్త నివేదికలో 2.11 లీటర్లు 82 శాతమైతే, ఇప్పుడు ఆశిస్తున్నది సుమారు 2.57 లీటర్లు. రెండేళ్లు పెద్దవారయ్యాక అంచనా కాస్త తగ్గాలి గాని పెరగకూడదు కదా! మారింది కొలబద్ద. అమెరికాలో చాలాకాలం పాటు శ్వేతజాతివారి కొలతలను ప్రమాణంగా పెట్టుకుని, నల్లజాతివారికి 10 నుంచి 15 శాతం, ఆసియా మూలాలున్నవారికి 4 నుంచి 6 శాతం, కొన్నిచోట్ల 12 శాతం దాకా కూడా, అంచనాను తగ్గించేవారు. మీ పాత నివేదిక ఆ పద్ధతిలో తయారైందనీ, కొత్తది జాతి వివరం అడగని సమీకరణంతో తయారైందనీ ఈ అంకెలను చూస్తే అర్థమవుతుంది. నివేదిక అడుగున చిన్న అక్షరాలతో ఏ ప్రమాణం వాడారో రాసి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ వరుసను ఒకసారి చదవండి.

ఈ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ స్నేహితురాలి విషయం కూడా దీనితోనే ముడిపడి ఉంది. శ్వాసను కొలిచే స్పైరోమీటర్‌ను లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో లోకానికి పరిచయం చేశాడు. మనిషి ఎత్తు పెరిగే కొద్దీ ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతుందని ఆయనే చూపించాడు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత, 1869లో, బెంజమిన్ గౌల్డ్ సైనికుల శరీర కొలతలను ప్రచురిస్తూ నల్లజాతి సైనికుల శ్వాస సామర్థ్యం శ్వేతజాతివారికంటే తక్కువగా ఉందని రాశాడు. ఆ పోలికలో ఎత్తునూ వయసునూ లెక్కలోకి తీసుకోలేదు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన మనుషుల పోషణ, గాలి, రోగాల సంగతి సరేసరి. అయినా ఆ తేడా పుట్టుకతో వచ్చినదే అన్న భావన వైద్యంలో స్థిరపడిపోయి, చివరికి యంత్రాల్లోని సాఫ్ట్‌వేర్‌లోకి చేరింది.

సగటున చూస్తే జాతుల మధ్య లీటర్లలో తేడా కనిపించడం వాస్తవమే. దానిలో కొంత భాగం శరీర నిర్మాణం వల్ల వస్తుంది: మొత్తం ఎత్తు ఒకటే అయినా కాళ్లు పొడవుగా, మొండెం పొట్టిగా ఉన్నవారికి ఛాతీలో చోటు కాస్త తక్కువ. మిగిలిన దానిలో తక్కువ బరువుతో పుట్టడం, పసితనంలో చాలీచాలని పోషణ, చిన్నప్పటి శ్వాసకోశ వ్యాధులు, రోడ్ల పక్కన, కర్మాగారాల పక్కన బతకాల్సి రావడం వంటివి ఉన్నాయి. ఇవన్నీ మనుషుల చర్మం రంగులోంచి వచ్చినవి కావు, వారికి దక్కిన జీవితంలోంచి వచ్చినవి. అటువంటి నష్టాన్ని ‘మీ జాతికి ఇంతే సహజం’ అని ముందే మినహాయించేస్తే, నిజంగా జబ్బు మొదలైన మనిషికి కూడా ‘మామూలుగానే ఉంది’ అన్న కాగితం చేతికొస్తుంది. ఇది అన్యాయమైన లెక్క అని నేను నమ్ముతాను, దీన్ని సరిదిద్దుకోవడానికి వైద్యలోకం చాలా ఆలస్యం చేసింది కూడా.

2012లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి 74,000 మందికి పైగా పొగ తాగని ఆరోగ్యవంతుల కొలతలతో కొత్త సమీకరణాలు తయారు చేసింది. వాటిలోనూ ప్రపంచాన్ని శ్వేతజాతి, ఆఫ్రికన్ అమెరికన్, ఈశాన్య ఆసియా, ఆగ్నేయాసియా, ‘ఇతర లేదా మిశ్రమ’ అని ఐదు వర్గాలుగా విభజించారు. మనలాంటి దక్షిణాసియావారికి ప్రత్యేకమైన సమీకరణం అందులో లేనే లేదు. ఆ తర్వాత అదే సమాచారాన్ని జాతి ప్రసక్తి లేకుండా మళ్లీ లెక్కగట్టి ఒకే సమీకరణాన్ని రూపొందించారు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతిభేదం లేని సగటు ప్రమాణాన్నే వాడమని సిఫారసు చేసింది. ఈ మార్పు వల్ల అమెరికాలో సుమారు 1.25 కోట్ల మందికి శ్వాసలోపం ఉందా లేదా అన్న వర్గీకరణే మారవచ్చని 2024లో వెలువడిన ఒక విశ్లేషణ అంచనా వేసింది. మీ 87 శాతం 82 శాతం కావడం ఆ పెద్ద మార్పులో ఒక చిన్న భాగం. కొత్త ప్రమాణమూ ఒక సగటే కాబట్టి అది ఎవరికీ కొలిచి కుట్టినట్టు సరిపోదు. అందుకే శాతం కంటే మీ సొంత లీటర్లు ఏటేటా ఎలా మారుతున్నాయన్నదే మీకు ఎక్కువ పనికివస్తుంది.

ఇప్పుడు మీ నివేదికలోని రెండో సంగతి చూద్దాం. మొదటి సెకనులో వదిలిన 2.11 లీటర్లను మొత్తం వదిలిన 2.72 లీటర్లతో భాగిస్తే సుమారు 0.78 వస్తుంది. శ్వాసనాళాలు ఇరుకైపోయి గాలి బయటికి రావడం ఆలస్యమయ్యే జబ్బే సీఓపీడీ. శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు పీల్చిన తర్వాత చేసిన పరీక్షలో కూడా ఈ నిష్పత్తి 0.70 కంటే తక్కువగా ఉండి, లక్షణాలూ కారణాలూ కలిసివస్తేనే ఆ పేరు పెడతారు. మీ నిష్పత్తి దానికి దూరంగానే ఉంది. 82 శాతం కూడా మీ వయసు స్త్రీలలో కనిపించే సహజమైన హద్దుల లోపలిదే. నివేదికలో ‘జడ్ స్కోరు’ (మీ కొలత సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పేది) అన్న అంకె ఉంటే అది మైనస్ 1.64 కంటే పైన ఉందో లేదో చూసుకోండి. పైన ఉంటే పరీక్ష మామూలుగా ఉన్నట్టే లెక్క.

అయితే ఈ మాట విని మీరు ఊరట పొంది మరో సిగరెట్ ముట్టించడం నాకు ఇష్టం లేదు. స్పైరోమెట్రీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నట్టు కాదు. పొగ మొదట దెబ్బతీసేది రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని చివరి శ్వాసనాళాలను. అవి చాలా ఎక్కువ సంఖ్యలో ఉంటాయి గనుక, వాటిలో గణనీయమైన భాగం పాడైపోయేదాకా ఊదే పరీక్షలో ఆ లోటు కనపడదు. స్పైరోమెట్రీ సక్రమంగా ఉన్న పొగరాయుళ్లలోనూ, మానేసినవారిలోనూ సుమారు సగం మందికి దగ్గు, కఫం, ఆయాసం వంటి లక్షణాలు ఉన్నాయని 2016లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో తేలింది. రెండేళ్ల క్రితం మిమ్మల్ని పరీక్షకు పంపించిన ఆ వదలని దగ్గును ఇదే దృష్టితో చూడాలి.

రోజుకు ఐదారే కదా అన్న ధీమా గురించి కూడా చెప్పాలి. ఇరవై సిగరెట్లను ఒక పెట్టెగా, ఏడాదిపాటు రోజూ ఒక పెట్టె తాగడాన్ని ఒక ‘ప్యాక్ ఇయర్’గా లెక్కిస్తారు. ఆ లెక్కన పంతొమ్మిదేళ్లలో మీది సుమారు ఐదు ప్యాక్ ఇయర్లు. అంకె చిన్నదే. కాని నష్టం సిగరెట్ల సంఖ్యతో సమంగా తగ్గదు. అమెరికాలో దశాబ్దాలుగా జరుగుతున్న అనేక అధ్యయనాల నుంచి పాతిక వేల మందికి పైగా కొలతలను కలిపి 2020లో ప్రచురించిన విశ్లేషణ నన్నెంతో ఆలోచింపజేసింది. అసలు తాగనివారితో పోలిస్తే, రోజుకు ఐదు కంటే తక్కువ తాగేవారు అదనంగా పోగొట్టుకునే శ్వాస సామర్థ్యం, రోజుకు ముప్పై అంతకు మించి తాగేవారు అదనంగా పోగొట్టుకునేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఉందని అందులో తేలింది. వేరే విధంగా చెప్పాలంటే, ఎక్కువ తాగేవారు తొమ్మిది నెలల్లో పోగొట్టుకున్నదాన్ని తక్కువ తాగేవారు ఒక ఏడాదిలో పోగొట్టుకుంటారు. తగ్గించుకుంటూ పోతే చాలు, పూర్తిగా మానక్కర్లేదు అనుకునేవారందరూ ఈ ఒక్క విషయం తెలుసుకోవాలని నా కోరిక.

సన్నని సిగరెట్, మెంథాల్ అన్నవి రెండూ మీ గొంతును మోసం చేసేవే. మెంథాల్ చల్లదనం పొగ మంటను కప్పిపుచ్చుతుంది, అందువల్ల అలవాటు పడటం తేలికవుతుంది, మానడం కష్టమవుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే విషాలు మాత్రం తగ్గవు. ఈ కారణంగానే మెంథాల్ సిగరెట్లను కెనడా 2017లో దేశమంతటా, యూరోపియన్ యూనియన్ 2020లో నిషేధించాయి. అమెరికాలో 2022లో నిషేధాన్ని ప్రతిపాదించి, 2025 జనవరిలో ఉపసంహరించుకున్నారు. సన్నని సిగరెట్ అయితే మొదటి నుంచీ మహిళలను ఉద్దేశించి తయారైన సరుకు. ఫిలిప్ మోరిస్ సంస్థ 1968లో వర్జీనియా స్లిమ్స్‌ను ఆడవారి స్వేచ్ఛకు గుర్తుగా చూపిస్తూ విడుదల చేసింది. 1999లో అదే బ్రాండ్ ప్రకటనల్లో నల్లజాతి, ఆసియా, లాటిన్ అమెరికా మూలాలున్న మహిళల ముఖాలు వచ్చాయి. ఒక్కొక్క జాతి స్త్రీకి ఆమె భాషలో, ఆమె అందంలో సిగరెట్‌ను అమ్మడానికి కంపెనీలు పడిన శ్రమను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

స్త్రీల ఊపిరితిత్తుల విషయంలో చాలాకాలం వైద్యశాస్త్రానికి తెలిసింది తక్కువే. పొగ వల్ల శ్వాస సామర్థ్యం ఎలా క్షీణిస్తుందో చూపే ప్రసిద్ధమైన గీతను ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు 1977లో ప్రచురించారు. నేటికీ వైద్య విద్యార్థులు చదువుకునే ఆ గీత లండన్‌లోని మగ కార్మికుల కొలతల నుంచి వచ్చింది. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. తర్వాతి పరిశోధనల్లో తెలిసిందేమిటంటే, ఊపిరితిత్తుల పరిమాణం సమానంగా ఉన్న స్త్రీ పురుషులను పోల్చినా స్త్రీల శ్వాసనాళాలు ఇరుకుగా ఉంటాయి. అంత పొగే అంతకంటే చిన్న గొట్టంలో పేరుకుంటుంది. మొత్తం సామర్థ్యం తక్కువ గనుక, పోయే ప్రతి 100 మిల్లీలీటర్లూ స్త్రీ విషయంలో పెద్ద వాటా అవుతాయి. తక్కువ సిగరెట్లు తాగి, తక్కువ వయసులోనే తీవ్రమైన సీఓపీడీ తెచ్చుకున్నవారిలో స్త్రీలు ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం. అమెరికాలో 2000 సంవత్సరం నుంచి ఏటా ఈ జబ్బుతో చనిపోతున్న స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను మించిపోయింది. ఇన్ని తెలిసినా, ఒకే లక్షణాలతో వచ్చిన మగవారికి సీఓపీడీ అనీ ఆడవారికి ఉబ్బసం అనీ అనుమానించే అలవాటు వైద్యుల్లో ఇంకా ఉంది. ఊదే పరీక్ష చేయిస్తే ఆ పొరపాటు చాలావరకు సరిదిద్దుకోవచ్చు. రుతుక్రమం ఆగిపోయే దశలో స్త్రీల శ్వాస సామర్థ్యం వయసును బట్టి ఊహించినదానికంటే వేగంగా తగ్గుతుందని యూరప్‌లో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనం చెబుతోంది, పైగా పొగ తాగేవారికి ఆ దశ ముందుగానే వస్తుంది. మీకు 41 ఏళ్లు కాబట్టి ఈ సంగతి మీ దృష్టికి తెస్తున్నాను.

ఇక ఆసియా స్త్రీల ఊపిరితిత్తులు పొగను తట్టుకుంటాయన్న మాటకు వద్దాం. ఇది పూర్తిగా కల్పన అనను, కానీ మీకు దానివల్ల ఏ రక్షణా లేదు. ఆసియా దేశాల స్త్రీలలో పొగ తాగేవారి సంఖ్యే చాలా తక్కువ, అందువల్ల పొగ వల్ల వచ్చే జబ్బుల సంఖ్యా తక్కువగా కనిపిస్తుంది. తాగినవారికి ఏమైందన్నది వేరే ప్రశ్న. హవాయి, కాలిఫోర్నియాలలో 1,83,813 మందిని ఎనిమిదేళ్లు గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2006లో ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఈ ప్రశ్ననే వేసింది. రోజుకు పది లోపు తాగేవారిలో ఆఫ్రికన్ అమెరికన్లకూ హవాయి మూలవాసులకూ ప్రమాదం ఎక్కువగా, జపనీస్ అమెరికన్లకూ లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలకూ తక్కువగా కనిపించింది. రోజుకు ముప్పై దాటి తాగేవారి దగ్గరికి వచ్చేసరికి జాతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. ఆ ‘తక్కువ’ అన్నది కూడా ఇతర పొగరాయుళ్లతో పోల్చినప్పటి మాట, తాగనివారితో పోల్చినప్పటిది కాదు. మరో విషయం, జపాన్ మూలాల స్త్రీకి వర్తించినది తెలుగు స్త్రీకి వర్తిస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఆసియా అన్న ఒక్క మాట కింద ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఉన్నారు కదా. స్పానిష్ భాషా మూలాలున్నవారికి వాడే ‘హిస్పానిక్’ అన్న మాటకూ ఇదే చిక్కు ఉంది: ప్యూర్టోరికో మూలాలున్న స్త్రీలలో పొగ తాగడమూ ఉబ్బసమూ ఎక్కువ, మెక్సికో మూలాలున్నవారిలో రెండూ తక్కువ. ఇద్దరినీ ఒకే గడిలో వేసి సగటు తీస్తే ఆ సగటు ఇద్దరికీ పనికిరాదు. ఆసియా మూలాలున్న అమెరికన్ స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో సగానికి పైగా అసలెప్పుడూ పొగ తాగనివారేనన్న సంగతి కూడా ‘తట్టుకుంటాయి’ అన్న మాటకు అడ్డం వస్తుంది.

తక్కువ సిగరెట్లు తాగే నల్లజాతి స్త్రీలకు ఎక్కువ నష్టం ఎందుకు జరుగుతోంది అన్నదానికి ఒక్క జవాబు లేదు. శరీరంలో నికోటిన్ విచ్ఛిన్నమయ్యాక మిగిలే కోటినిన్ అనే పదార్థాన్ని రక్తంలో కొలిస్తే, అన్నే సిగరెట్లు తాగినా నల్లజాతివారిలో దాని స్థాయి ఎక్కువగా ఉంటుందని 1998 నాటి అధ్యయనాలే చూపాయి. ఒక్కొక్క సిగరెట్‌నుంచి ఎక్కువ పొగ పీల్చడం, ఆ పదార్థం శరీరం నుంచి నెమ్మదిగా బయటికి పోవడం రెండూ కారణాలే. ఆపైన మెంథాల్ ఉంది, ఇంటి చుట్టూ ఉన్న గాలి ఉంది, చిన్ననాటి ఆరోగ్యం ఉంది. ఈ మధ్యదాకా కొలతలోనే ఉన్న తగ్గింపు వల్ల జబ్బు ఆలస్యంగా బయటపడటమూ ఉంది. జన్యువుల పాత్ర లేకపోలేదు. నికోటిన్‌ను విరిచే సీవైపీ2ఏ6 అనే ఎంజైమ్ నెమ్మదిగా పనిచేసే రకాలు తూర్పు ఆసియావారిలో ఎక్కువగా కనిపిస్తాయి. కానీ ఒక మనిషిలో ఏ రకం ఉందో జాతి పేరు చూసి చెప్పలేము.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు నా దగ్గర మంచి కబురు ఉంది. అమెరికా, కెనడాలలో 1986లో మొదలైన ‘లంగ్ హెల్త్ స్టడీ’లో 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న, అప్పటికే శ్వాసనాళాలు కొద్దిగా దెబ్బతిన్న 5,887 మంది పొగరాయుళ్లు పాల్గొన్నారు. పదకొండేళ్ల తర్వాత లెక్క చూస్తే, తాగుతూనే ఉన్న స్త్రీలు ఏడాదికి సగటున 54 మిల్లీలీటర్లు పోగొట్టుకోగా, మొదట్లోనే మానేసి నిలబడ్డ స్త్రీలు 22 మిల్లీలీటర్ల లోపే పోగొట్టుకున్నారు. మానేసిన తొలి ఏడాదిలో కొలత నిజంగానే పెరిగింది, ఆ పెరుగుదల పురుషుల్లో 1.6 శాతం పాయింట్లైతే స్త్రీలలో 3.7. మానడం వల్ల మగవారికంటే ఆడవారి ఊపిరితిత్తులే ఎక్కువ లాభపడ్డాయన్నమాట. అందులో పాల్గొన్నవారు అత్యధికులు శ్వేతజాతివారే కాబట్టి ఈ అంకెలను అక్షరాలా మీకు అన్వయించలేను. అయితే పొగ ఆపితే వాపు తగ్గి, నాళాల్లో కఫం తగ్గి, క్షీణత వేగం తగ్గే తీరు ఏ జాతివారిలోనైనా ఒక్కటే. పోయినదంతా తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేను. చిరిగిపోయిన గాలితిత్తుల గోడలు మళ్లీ కట్టుకోవు. తొలినాళ్లలో కొంత తిరిగి వస్తుంది, ఆపైన ఉన్నది నిలుస్తుంది. పది లక్షలకు పైగా బ్రిటిష్ మహిళలపై జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, జీవితాంతం పొగ తాగిన స్త్రీలు కనీసం పదేళ్ల ఆయుష్షు కోల్పోతారు. నలభైకి ముందే మానేస్తే పొగ వల్ల పెరిగే మరణ ప్రమాదంలో 90 శాతానికి పైగా తప్పుతుంది. మీరు ఆ నలభై హద్దు దగ్గరే ఉన్నారు కనుక ఈ ఏడాది మానడానికీ ఇంకో పదేళ్లకు మానడానికీ చాలా తేడా ఉంటుంది.

మానే పద్ధతి గురించి మాట్లాడేముందు, మీ డాక్టరుతో నిజం చెప్పండి. ‘ఎప్పుడైనా ఒకటి’ అని విన్న వైద్యురాలు మీ దగ్గును అలర్జీగా భావించి వేరే దారిలో వెళ్లడం సహజం. స్త్రీలు పొగ అలవాటును దాచుకోవడానికి కారణాలేమిటో నాకు తెలుసు, ఆ సిగ్గును మీ మీద రుద్దినవారు మీ ఊపిరికి బాధ్యత వహించరు. నిజం చెప్పాల్సిన అవసరం మరొకటి ఉంది: ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మీరు వాడుతుంటే, 35 ఏళ్లు దాటి పొగ తాగే స్త్రీలకు వాటివల్ల రక్తం గడ్డలు, గుండెపోటు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది కాబట్టి వాటిని సాధారణంగా ఇవ్వరు. ఆ మాత్రలు నికోటిన్‌ను వేగంగా విరిచేసి, తర్వాతి సిగరెట్ కోరికను త్వరగా తెస్తాయి కూడా.

అసలు స్త్రీల శరీరం సగటున నికోటిన్‌ను పురుషులకంటే త్వరగా విరిచేస్తుంది. అందుకే ఒక్క నికోటిన్ పట్టీతో మానడానికి ప్రయత్నించి విఫలమైన స్త్రీలు తమ మనోబలాన్ని నిందించుకోవాల్సిన పని లేదు. పట్టీతోపాటు అవసరమైనప్పుడల్లా నికోటిన్ గమ్ వాడటం, లేదా పొగ కోరికను తగ్గించే వారెనిక్లిన్ మాత్ర, ఈ రెండు మార్గాలూ ఒక్క పట్టీ కంటే బాగా పనిచేస్తాయి. వారెనిక్లిన్ మనసు మీద చెడు ప్రభావం చూపుతుందన్న భయాన్ని, 16 దేశాల్లో 8,000 మందికి పైగా పాల్గొని 2016లో ప్రచురితమైన పరీక్ష చాలావరకు తొలగించింది. మూత్రపిండాల జబ్బు ఉన్నా, గర్భం దాల్చే ఆలోచన ఉన్నా మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. బరువు పెరుగుతామన్న బెంగ చాలామంది స్త్రీలను వెనక్కి లాగుతుంది. మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగడం నిజమే, కానీ ఆ బరువు చేసే కీడు పొగ చేసేదానితో పోల్చదగినది కాదు. అమెరికాలో 1-800-784-8669 నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి కావలసిన సలహా ఉచితంగా దొరుకుతుంది. మీకు కంటికి కనిపించే అంకె ఉంటే పట్టుదల పెరుగుతుందనుకుంటే, మీ ‘ఊపిరితిత్తుల వయసు’, అంటే మీ కొలత ఏ వయసు ఆరోగ్యవంతుల కొలతకు సమానమో, లెక్కగట్టి చెప్పమని అడగండి. బ్రిటన్‌లో 2008లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఆ వయసు చెప్పించుకున్నవారిలో 13.6 శాతం మంది ఏడాది తర్వాత పొగకు దూరంగా ఉన్నారు, చెప్పించుకోనివారిలో 6.4 శాతమే.

మానేశాక ఏడాదికి ఒకసారి, వీలైతే అదే ప్రయోగశాలలో, స్పైరోమెట్రీ చేయించుకుని లీటర్లను రాసిపెట్టుకోండి. దగ్గు ఎనిమిది వారాలు దాటినా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా, ఊపిరితిత్తులలోంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతుందో కొలిచే డీఎల్‌సీఓ పరీక్ష కూడా అడగవచ్చు. కఫంలో రక్తం కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు. క్యాన్సర్ కోసం ముందస్తు సీటీ స్కాన్ మీకు ప్రస్తుతం అవసరం లేదు. అమెరికాలో అది 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసులో, కనీసం 20 ప్యాక్ ఇయర్లు తాగి, ఇంకా తాగుతున్న లేదా పదిహేనేళ్ల లోపు మానేసినవారికి. 2021కి ముందు ఆ హద్దు 30 ప్యాక్ ఇయర్లుగా, 55 ఏళ్లుగా ఉండేది. తక్కువ తాగినా జబ్బు పడుతున్న స్త్రీలూ నల్లజాతివారూ దానివల్ల బయటే మిగిలిపోతున్నారన్నది దాన్ని సడలించడానికి ఒక ముఖ్య కారణం.

మీ స్నేహితురాలికి ఈ ఉత్తరం చదివి వినిపించగలిగితే వినిపించండి. ఆమె పాత నివేదికలు జాతి తగ్గింపుతో తయారైనవైతే, వాటిలోని లీటర్లను కొత్త ప్రమాణంతో మళ్లీ లెక్కగట్టమని ఆమె తన వైద్యుడిని అడగవచ్చు. అప్పుడు ఆ జబ్బు తీవ్రత నిజానికి ఎంతో మరింత స్పష్టం కావచ్చు. జబ్బు తీవ్రత అంచనా మారితే మందులు, శ్వాస వ్యాయామ శిక్షణ, ఉద్యోగానికి సంబంధించిన వైకల్య పరిహారం వంటి వాటిలో ఆమెకు దక్కవలసినది కూడా మారే అవకాశం ఉంది. ఆమె ఇంకా తాగుతూ ఉంటే ఇద్దరూ కలిసి ఒకే తేదీ పెట్టుకుని మానేయండి.